పడవ రాని వాళ్ళు



జేకబ్ చాంబర్లేన్ అని ఒక అమెరికన్ మిషనరీ డాక్టరు ఉండేవారు. ఆర్కాటు మిషన్ తరఫున 1860 ప్రాంతంలో మన వైపు వచ్చారు. కొంతకాలం పలమనేరులో ఉండి, 1863 నుంచి మదనపల్లెలో స్థిరపడ్డారు. తెలుగు నేర్చుకుని తెలుగులోనే ప్రసంగించేవారు. ఊరూరా తిరిగి మందులిచ్చేవారు. తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షుడిగా పనిచేశారు. 1908లో కన్నుమూసింది కూడా మదనపల్లెలోనే. అప్పటికింకా చిత్తూరు జిల్లా పుట్టలేదు. అది 1911లో ఏర్పడింది. అంతవరకు మదనపల్లె కడప జిల్లా ఊరు.

చాంబర్లేన్ గారు రాసిన అనుభవాల్లో పులుల అడవి కథ అన్నిటికంటే ప్రసిద్ధం. 1863లో నలుగురు స్వదేశీ సహచరులతో మదనపల్లె నుంచి బయలుదేరి, నిజాం రాజ్యం మీదుగా వందల మైళ్ళు ప్రయాణించి గోదావరి ఒడ్డుకు చేరారు. వానకాలం. నది పొంగింది. ఎక్కవలసిన స్టీమరు చెడిపోయింది. అడవిలో నడక తప్పలేదు. పొద్దు వాలుతుంటే దారికి అడ్డంగా ఒక వాగు పోటెత్తి కనబడింది. దాటే వీల్లేదు, వెనక్కి పోయే వీల్లేదు, చుట్టూ పులులు తిరిగే అడవి. ఆయన గుర్రం మీదే ప్రార్థన చేసుకున్నారు. ఎడమకు తిరిగి గోదావరి వైపు వెళ్ళమని లోపల ఒక మాట బలంగా వినిపించింది. దారి చూపేవాళ్ళు వద్దంటే వద్దన్నారు. అయినా వెళ్ళారు. అక్కడ ఒక పెద్ద పడవ ఉంది. ఎగువన కట్లు తెంచుకుని కొట్టుకొచ్చిందని, తామెంత ఆపినా ఆగక ఈ ఒడ్డుకే చేరిందని పడవవాళ్ళు చెప్పారట. ఆ రాత్రి అందరూ పడవలోనే పడుకున్నారు.

నేనీ కథను నమ్ముతాను. నమ్మకపోవడానికి నాకు కారణమేమీ కనబడదు. అయితే ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఈ కథ గురించి కాదు. ఆ పడవ రాని వాళ్ళ గురించి.

మా క్రైస్తవ సంఘాల్లో ఆరాధన మధ్య సాక్ష్యాలు చెప్పే సమయం ఒకటి ఉంటుంది. ఎవరైనా లేచి నిలబడి ఈ వారం దేవుడు తమకు చేసిన మేలు చెప్పవచ్చు. ఉద్యోగం వచ్చింది, ఆపరేషన్ బాగా జరిగింది, బిడ్డకు సీటు దొరికింది. చెప్పడం మంచిదే. మేలు పొందినవాడు నోరు మూసుకుని కూర్చుంటే అది కృతఘ్నత. కానీ ఒక్కసారి మొత్తం సంఘాన్ని కలియజూడండి. సాక్ష్యం చెప్పడానికి లేచేవాళ్ళు ఎప్పుడూ పడవ దొరికినవాళ్ళే. దొరకనివాళ్ళు వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొడుతుంటారు. వాళ్ళలో కొందరు ఆ మరుసటి వారం రారు.

2023 టమోటా సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ జులైలో మదనపల్లె మండీలో ధర కిలో నూరు దాటి ఇంకా పైకి పోయింది. అంతకు ముందెన్నడూ చూడని డబ్బు చూశారు కొందరు రైతులు. ఎకరా రెండెకరాల వాళ్ళు అప్పులన్నీ తీర్చి ట్రాక్టరు కొన్న కథలు పేపర్లలో వచ్చాయి. అది చూసి ఆశపడి నాటినవాళ్ళ కాయ సెప్టెంబరులో కోతకొచ్చేసరికి కోత కూలీ కూడా రాని ధర. జులైలో కోసినాయనా ప్రార్థన చేశాడు, సెప్టెంబరులో కోసినాయనా ప్రార్థన చేశాడు. ఇద్దరూ ఒకే గుడిలో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళే అనుకుందాం. మొదటాయన లేచి, దేవుడు నా మొర విన్నాడు అంటాడు. పక్కనున్నాయనకు ఆ మాట ఎలా వినబడుతుంది?

తోతాపురి మామిడి వేసినవాళ్ళకు ఇదే ప్రశ్న 2025లో ఎదురైంది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి. ఫ్యాక్టరీలు 8 రూపాయలివ్వాలి, తాము 4 కలుపుతాం, కిలోకు 12 రైతు చేతికందాలి అని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. కాయ మాత్రం చెట్టు నిండా కాసింది. వాన కోసం ప్రార్థించి, పంట కోసం ప్రార్థించి, పండిన తర్వాత ఆ పంటే భారమైన రైతు ఏ మాటలతో ప్రార్థించాలి? మా గ్రామ సంఘాల్లో కోతపండుగ ఉంటుంది. గుమ్మడికాయ, కోడిపుంజు, చెనిక్కాయల మూట, ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు గుడికి తెస్తారు. తర్వాత వాటిని వేలం వేస్తారు. చెడిన ఏడు కూడా పండుగ మానరు. ఆ ఏడు వేలంలో కోడిపుంజుకు ఎక్కువ పాట పాడేవాడు ఎవరో గమనించండి. తరచుగా ఆ పుంజును తెచ్చినవాడి పక్కింటాయనే అయి ఉంటాడు.

2021 నవంబరులో తిరుపతి మునిగింది. వీధులు వాగులయ్యాయి. స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్ట తెగుతుందని కింది ఊళ్ళ జనం పిల్లల్ని చంకనేసుకుని ఎత్తైన చోట్లకు చేరారు. కట్ట తెగలేదు. అదే రోజుల్లో కడప జిల్లాలో చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు తెగింది, మనుషులు పోయారు. మన కట్ట నిలిచింది కాబట్టి దేవుడు మన వైపున్నాడు అందామా? అంటే చెయ్యేటి ఒడ్డున ఉన్నవాళ్ళ వైపు ఎవరున్నట్టు? ఈ ప్రశ్న క్రైస్తవులది మాత్రమే కాదు. అలిపిరి మెట్లెక్కే తల్లీ, గంగమ్మకు మొక్కుకునే తల్లీ, రుయా ఆసుపత్రి ఆవరణలో చాప పరుచుకుని లోపలి కబురు కోసం ఎదురుచూసే తల్లీ, అందరూ అడిగేది ఇదే. నేను నా విశ్వాసం లోపలి నుంచి, నాకు తెలిసిన లేఖనం దగ్గర నిలబడి మాట్లాడుతున్నాను, అంతే.

ఆ లేఖనం అపొస్తలుల కార్యములు పన్నెండో అధ్యాయం. రాజైన హేరోదు యేసు శిష్యుల్లో ఒకడైన యాకోబును కత్తితో చంపించాడు. యాకోబు మరణానికి గ్రంథంలో ఒక్క చిన్న వాక్యం మాత్రమే ఉంది. ఏడుపు లేదు, అంత్యక్రియలు లేవు. ఆ వెంటనే పేతురును పట్టుకున్నారు. సంఘమంతా ఆయన కోసం పట్టుదలగా ప్రార్థించింది. రాత్రి దూత వచ్చింది, సంకెళ్ళు ఊడిపోయాయి, ఇనుప తలుపు తనంతట తానే తెరుచుకుంది. పేతురుకు సంబంధించిన ఈ భాగాన్ని మా ప్రసంగీకులు ఎన్నిసార్లు చెబుతారో లెక్కలేదు. యాకోబు వాక్యం దగ్గర ఆగేవాళ్ళు తక్కువ.

ఆగుదాం. యాకోబు కోసం సంఘం ప్రార్థించలేదని ఎక్కడా రాయలేదు. శిష్యుల్లో అందరికంటే దగ్గరివాళ్ళు ముగ్గురైతే, వాళ్ళలో యాకోబు ఒకడు. అతనికీ, అతని తమ్ముడు యోహానుకూ నీ రాజ్యంలో కుడిఎడమల చోటివ్వమని యేసును అడిగిన తల్లి ఉంది. జెబెదయి భార్య. సిలువను దూరం నుంచి చూస్తూ నిలబడ్డ స్త్రీల్లో ఆమె కూడా ఉందని మత్తయి చెబుతాడు. పేతురు విడుదలైన ఆ రాత్రికి ఆమె బతికే ఉంటే, ఆ వార్త ఆమె చెవిన పడే ఉంటుంది. పేతురును విడిపించిన దూత నా కొడుకు దగ్గరికి ఎందుకు రాలేదు? గ్రంథం ఆమెతో ఏమీ అనదు. నాకు ఆ మౌనం మీద గౌరవం ఉంది. అక్కడ ఎవరో ఒకరు లేచి, నీ కొడుక్కు విశ్వాసం తక్కువైందమ్మా అన్నట్టు రాయలేదు చూడండి. మన కాలంలో అలా అనేవాళ్ళున్నారు. స్టేజి మీద మైకు పట్టుకుని అంటారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి మొహం మీద అంటారు. వాళ్ళు చదివిన బైబిలు ఏదో నాకు తెలియదు.

అదే అధ్యాయంలో ఒక నవ్వు కూడా ఉంది. విడుదలైన పేతురు ప్రార్థన జరిగే ఇంటికొచ్చి తలుపు తట్టాడు. రొదే అనే పనిపిల్ల గొంతు గుర్తుపట్టి, సంతోషంలో తలుపు తీయడమే మరిచి లోపలికి పరిగెత్తింది. నీకు పిచ్చా అన్నారు లోపలివాళ్ళు. పేతురు విడుదల కోసం రాత్రంతా మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళు, పేతురు వచ్చాడంటే నమ్మలేదు! వాళ్ళ విశ్వాసం అంత గొప్పదేమీ కాదన్నమాట. అయినా కలిసి ఉన్నారు. ఒక ఇంట్లో, తలుపేసుకుని, యాకోబును పోగొట్టుకున్న కుటుంబంతో సహా అనుకుంటాను నేను, ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఉన్నారు.

ఇప్పుడు మళ్ళీ మదనపల్లెకు వెళదాం.

చాంబర్లేన్ పోయిన నాలుగేళ్ళకు, 1912లో, అదే ఊళ్ళో క్షయరోగుల కోసం ఒక శానిటోరియం మొదలైంది. మూడేళ్ళకు ఊరికి కాస్త దూరంలో ఇప్పుడున్న చోటికి మారింది. ఆ చోటే ఆరోగ్యవరం. మొదటి పెద్ద డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్, డెన్మార్క్ దేశస్థుడు. వేర్వేరు దేశాలకు, వేర్వేరు శాఖలకు చెందిన మిషన్లు డబ్బులు పోగుచేసి దాన్ని కలిసి నడిపాయి. బాప్తిస్మం ఎలా ఇవ్వాలి, ప్రభురాత్రి భోజనం ఎలా జరపాలి అన్నవాటి దగ్గర ఒకరితో ఒకరికి పడని సంఘాలవి. రోగి మంచం దగ్గర మాత్రం కలిశాయి.

అప్పట్లో క్షయకు మందు లేదు. ఈ మాట ఇప్పటి పిల్లలకు అర్థం కావాలంటే కొంచెం విడమరచాలి. స్ట్రెప్టోమైసిన్ ప్రపంచానికి తెలిసింది 1944లో. మన దేశపు రోగులకు అందింది ఇంకా తర్వాత. అంటే ఆరోగ్యవరం మొదటి ముప్పై ఏళ్ళకు పైగా, అసలు మందు లేకుండానే నడిచింది. మరేం చేసేవాళ్ళు? సముద్రమట్టానికి రెండువేల అడుగుల పైనున్న ఆ గాలిలో, తెరిచి ఉన్న వరండాల్లో మంచాలు వేసి పడుకోబెట్టేవాళ్ళు. పాలు, గుడ్లు, పుష్టికరమైన తిండి. పొద్దున సాయంత్రం నోట్లో థర్మామీటరు పెట్టి కాగితం మీద గీత గీసేవాళ్ళు. విశ్రాంతి వేళ మాట్లాడకూడదు. కొందరికి పక్కటెముకల మధ్య సూదితో గాలి ఎక్కించి, జబ్బు పట్టిన ఊపిరితిత్తిని కొంతకాలం ముడుచుకునేలా చేసేవాళ్ళు, పనిచేయకుండా దానికి విశ్రాంతి ఇవ్వడానికి. ఆ గాలి కొన్నాళ్ళకు తగ్గిపోతుంది, మళ్ళీ ఎక్కించాలి. జ్వరం దిగితే రోజుకు కొద్ది దూరం నడక, తర్వాత ఇంకొంచెం. నెలలు. కొందరికి ఏళ్ళు. కొందరు ఇంటికి వెళ్ళారు, కొందరు వెళ్ళలేదు. పక్క మంచం ఖాళీ అయితే ఆ మనిషి బస్టాండుకు వెళ్ళాడో మరో చోటికి వెళ్ళాడో మిగతావాళ్ళు అడక్కుండానే తెలుసుకునేవాళ్ళయి ఉండాలి.

ఆ వరండాలో పడుకున్న మనిషికి దేవుడి మీద నమ్మకం అంటే ఏమిటి? ఇంట్లో కంచం వేరుచేశారు. క్షయ అంటే పిల్లనివ్వరు, పిల్లను చేసుకోరు. ఎదురుగా వాగు పొంగుతూనే ఉంది, పడవ లేదు. ఉన్నది రేపటి థర్మామీటరు. నా అంచనాలో ఆ మనిషి చాలా రోజులు ప్రార్థన కూడా చేయలేకపోయి ఉంటాడు. జ్వరంతో మాడే ఒంట్లో మాటలు ఎక్కడివి? ఆ రోజుల్లో అతని నమ్మకాన్ని మరొకరు మోశారు. పాలు తెచ్చిన నర్సు మోసింది. గాలి ఎక్కించిన డాక్టరు మోశాడు. ఎక్కడో తన ఊళ్ళో వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి కుండలో వేసి, వారం చివర గుడికి పంపిన ఒక అవ్వ మోసింది. పిడికెడు బియ్యం మా తెలుగు సంఘాల పాత అలవాటు, ఇప్పటికీ ఉంది. ఆమె ఆరోగ్యవరం ఎప్పుడూ చూసి ఉండదు.

మార్కు సువార్తలో పక్షవాతం వచ్చిన ఒకణ్ణి నలుగురు మోసుకొస్తారు. జనం కిక్కిరిసి ఉంటే ఇంటి పైకప్పు విప్పి మంచంతో సహా కిందికి దింపుతారు. యేసు చూసింది ఎవరి విశ్వాసం? గ్రంథం ‘వాళ్ళ విశ్వాసం’ అంటుంది, అంటే మోసుకొచ్చినవాళ్ళది. మంచం మీదున్నవాడు ఒక్క మాట మాట్లాడలేదు. అతనికి విశ్వాసం ఉందో లేదో ఎవరూ పరీక్ష పెట్టలేదు. నాకు ఈ కథలో నచ్చే విషయం ఇదే. కష్టంలో ఉన్నవాడి మీద ఆ కష్టంతో పాటు నమ్మకం నిలబెట్టుకునే బరువు కూడా పెట్టడం అన్యాయం. మంచానికి నాలుగు కోళ్ళున్నాయి, నలుగురు పట్టుకోవాలి.

ప్రార్థన చేశాం కదా, ఇక మందులెందుకు అనేవాళ్ళ గురించి కూడా ఒక మాట. ఇది నేను కొంచెం కోపంగానే చెబుతాను. హిజ్కియా రాజు చావుబతుకుల్లో ఉండి ఏడ్చి ప్రార్థిస్తే, బాగవుతావని దేవుడు మాటిచ్చాడు. మాట ఇచ్చిన తర్వాత కూడా, అంజూరపు పళ్ళ ముద్ద పుండు మీద కట్టమని ప్రవక్త యెషయా చెప్పాడు. ప్రార్థనా ఉంది, పట్టూ ఉంది. పౌలు ఎంతోమందిని స్వస్థపరిచాడు, తన స్నేహితుడు త్రోఫిమును మాత్రం జబ్బుతోనే మిలేతులో వదిలి రావలసి వచ్చిందని ఉత్తరంలో రాశాడు. అందులో సంజాయిషీ లేదు. పౌలు వెంట తిరిగిన లూకా వృత్తికి వైద్యుడు. వేలూరు సీఎంసీ ఆసుపత్రికి మన చిత్తూరు జనం బస్సెక్కి పోవడం తాతల కాలం నుంచీ ఉంది. ఐడా స్కడర్ 1900లో అక్కడ చిన్నగా మొదలుపెట్టిన పని అది. ప్రార్థిస్తే చాలనుకుని ఉంటే ఆమె డాక్టరు చదువు చదివేది కాదు.

మళ్ళీ ఆరోగ్యవరం. దాని తర్వాతి కథ మొదటి కథకంటే నాకు ఎక్కువ ఇష్టం. అక్కడ పెద్ద డాక్టరుగా పనిచేసిన పి.వి. బెంజమిన్ స్వతంత్ర భారత ప్రభుత్వానికి క్షయ నివారణ సలహాదారు అయ్యారు. 1948లో మన దేశంలో బీసీజీ టీకా మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. మీ ఎడమ భుజం మీద చిన్న గుండ్రటి మచ్చ ఉందేమో చూసుకోండి. ఆ మచ్చకు మదనపల్లెతో చుట్టరికం ఉంది. తర్వాత ఆరోగ్యవరం వాళ్ళు చుట్టుపక్కల పల్లెలు తిరిగి జనానికి ఎక్స్‌రేలు తీసి, జబ్బు ఎలా పాకుతుందో ఏళ్ళ తరబడి గమనించారు. ఇంతలో మందులొచ్చాయి. 1956లో మద్రాసులో ఒక పరిశోధన కేంద్రం పెట్టి, కొందరు రోగులను శానిటోరియంలో ఉంచి, కొందరిని ఇంటి దగ్గరే ఉంచి, అందరికీ ఒకే మందులిచ్చి ఏడాది చూశారు. ఇరుకు ఇళ్ళల్లో, తక్కువ తిండితో ఉన్న పేదలు కూడా దాదాపు శానిటోరియం రోగులతో సమానంగానే కోలుకున్నారు. 1959లో ఆ ఫలితం వెలువడింది. ప్రపంచమంతటా శానిటోరియంల కాలం అక్కడి నుంచి ముగియడం మొదలైంది.

ఒక్కసారి ఆరోగ్యవరం సిబ్బంది వైపు నుంచి ఆలోచించండి. నలభై ఏడేళ్ళు కట్టిన వరండాలు, పెంచిన చెట్లు, నేర్చుకున్న ఓపిక. వీటితో ఇక పెద్దగా పని లేదని మద్రాసు నుంచి కబురొచ్చింది. ఇంతకాలం వాళ్ళు ప్రార్థించింది క్షయ పోవాలనే కదా. ఆ ప్రార్థనకు జవాబు వాళ్ళ పని అవసరం లేకుండా పోయే రూపంలో వచ్చింది. మన ప్రార్థనలకు జవాబులు అప్పుడప్పుడూ ఇలాగే వస్తాయి, మనల్ని పక్కకు జరిపి. ఆరోగ్యవరం మూతపడలేదు. పేరు మెడికల్ సెంటర్ అయింది, అన్ని జబ్బులకూ వైద్యం చేసే ఆసుపత్రిగా మారింది.

క్షయ మాత్రం పోలేదు. ఇంకా మన మధ్యే ఉంది. కాబట్టి ఈ ప్రసంగంలో చివరి నాలుగు మాటలు దాని గురించే. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే, సాయంత్రం పూట జ్వరం తగులుతుంటే, ఒళ్ళు తగ్గిపోతుంటే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. పరీక్ష ఉచితం, మందులు ఉచితం. మామూలు క్షయకు ఆరు నెలలు వాడాలి. రెండో నెలకే దగ్గు తగ్గి ఒళ్ళు తేలికపడుతుంది, చాలామంది అక్కడే మానేస్తారు. మానితే జబ్బు మందుకు లొంగని రూపంలో తిరిగి రావచ్చు. తిండి కోసం కేంద్ర ప్రభుత్వం నెలకు 500 ఇచ్చేది, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలో వేస్తోంది. అడిగి రాయించుకోండి. మీ సంఘంలో, మీ వీధిలో మందు వాడుతున్న మనిషి ఉంటే నాలుగో నెలలో, ఐదో నెలలో ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి, మాత్ర వేసుకున్నావా అక్కా, వేసుకున్నావా అన్నా అని అడగండి. కంచం వేరు చేయకండి. పాలో గుడ్లో పట్టుకెళితే ఇంకా మంచిది.